ఉప్పునీళ్ల దీపం: మోటారు షాపులో అయిదు నెలలు

మే 29

అల్లవరం వైపు రొయ్యల చెరువు నుంచి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ మోటారు ఒకటి రీవైండింగుకి వచ్చింది. అల్యూమినియం బాడీ. వెనక కవరు విప్పితే అంచు చుట్టూ తెల్లటి పొడి, తడి తగిలిన చోట సగ్గుబియ్యం జావలా జిగురు. స్టీలు బోల్టు ఆనుకున్న చోట అల్యూమినియంలో వేలు పట్టేంత గుంట పడింది. బోల్టుకి మాత్రం ఏమీ కాలేదు. ఇలాంటివి ఎన్ని చూశానో. గుడ్డపెట్టి తుడిచి వైండింగు సంగతి చూసుకోవడమే తప్ప ఆ పొడి గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

ఇవాళ మా మేనల్లుడు షాపులో ఉన్నాడు. అమలాపురంలో బీఎస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాడు. ఆ పొడి వేలితో తీసి చూసి, "అల్యూమినియం హైడ్రాక్సైడ్ మావయ్యా" అన్నాడు. "తుప్పేగా?" అన్నాను. "తుప్పే. లోహం ఎలక్ట్రాన్లు వదిలేస్తోంది. మధ్యలో తీగ పెట్టి వాటిని మనం వాడుకుంటే సెల్లు, వాడుకోకపోతే తుప్పు."

చెరువు నీళ్లు గాజుగ్లాసులో పోసి, అల్యూమినియం ముక్క ఒకవైపు, ఆ బోల్టే ఇంకోవైపు ముంచి మల్టీమీటర్ పెట్టాను. 0.46 వోల్టులు. పాడైపోయిన మోటారులోంచి కరెంటు వస్తోంది. సాయంత్రం వరకూ వేరే పని మీదికి మనసు పోలేదు.

జూన్ 2

ఈ పని ఎందుకు మొదలుపెడుతున్నానో ముందే రాసి పెట్టుకుంటాను, మధ్యలో దారి తప్పకుండా.

1995 జనవరిలో పాశర్లపూడిలో గ్యాసు బావి అదుపు తప్పి బ్లోఅవుట్ అయినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. రెండు నెలలకు పైగా మండింది. రాత్రిళ్లు మా ఊరి నుంచి చూస్తే ఆకాశం ఆ వైపు ఎర్రగా ఉండేది. ఆ తర్వాతి ఏడాది నవంబరు 6న తుఫాను. మా పెంకుటిల్లు కప్పు లేచిపోయింది, ఊళ్లో డాబా ఉన్నవాళ్లింట్లో ముప్ఫై మందిమి తలదాచుకున్నాం. ఉన్న ఒక్క లాంతరూ గాలికి ఆరిపోయింది. చీకట్లో అమ్మ మా ముగ్గురి తలలూ తడిమి లెక్కపెట్టుకుంటూ ఉండేది. కాసేపాగి మళ్లీ తడిమేది. కరెంటు మళ్లీ రావడానికి వారాలు పట్టింది. నేల కింద గ్యాసున్న సీమలో పుట్టి, దీపానికి లీటరు కిరసనాయిలు కోసం అమ్మతో పాటు లైనులో నిలబడ్డాను.

ఇప్పుడు ఎమర్జెన్సీ లైట్లున్నాయి. వాటిలో సగం నా షాపుకే వస్తాయి. చార్జింగు పెట్టకుండా అటక మీద ఆర్నెల్లుంటే లోపలి లెడ్ బ్యాటరీ పోతుంది. టార్చిలో వదిలేసిన సెల్లులు కారి స్ప్రింగుని తినేస్తాయి. తుఫాను వచ్చే రోజు చెప్పి రాదు, ఆ రోజుకి బ్యాటరీ బతికి ఉండాలి. కాబట్టి నాకు కావలసింది పొడిగా పడి ఉండే దీపం. మూడేళ్లు అటక మీదున్నా ఏమీ కాకూడదు. ఉప్పునీళ్లు పోసిన అయిదు నిమిషాల్లో వెలగాలి.

జూన్ 7

మా మావగారి చెవి మిషన్‌కి కొత్త సెల్లు వేశాను. బటాణీ గింజంత ఉంటుంది, పైన రంగు స్టిక్కరు. స్టిక్కరు పీకితే కింద సూదిమొనంత చిల్లులు. ఇన్నేళ్లు ఆ చిల్లులెందుకో తెలియకుండానే వేస్తున్నాను. లోపల జింకు పొడి ఉంటుంది, చిల్లుల్లోంచి గాలి వెళ్తుంది, గాలిలో ఆక్సిజన్‌తో జింకు కలుస్తూ కరెంటిస్తుంది. స్టిక్కరు తీయనంత కాలం నిద్రపోతూ ఉంటుంది. నాకు కావలసిందీ సరిగ్గా ఈ గుణమే.

మేనల్లుడు లెక్క కట్టి చూపించాడు. గ్రాము జింకు మొత్తం కరిగితే 0.82 ఆంపియర్-గంటలు. గ్రాము అల్యూమినియం కరిగితే 2.98. రెండో సరుకు ఆక్సిజన్, దాన్ని మనం మోయక్కర్లేదు, గాలిలో ఉంది. అల్యూమినియం మన దగ్గర ప్రతి వంటింట్లోనూ ఉంది. పెద్ద స్థాయిలోనూ ఈ దారిలో వెళ్తున్నవాళ్లున్నారు. ఇజ్రాయెల్‌కి చెందిన ఫినర్జీతో ఇండియన్ ఆయిల్ 2021లో ఉమ్మడి సంస్థ పెట్టింది, అల్యూమినియం-గాలి బ్యాటరీల కోసమే. అది బళ్లకి. నాకు కావలసింది ఒక్క దీపం.

జూన్ 15

గాలి వైపు, అంటే ఆక్సిజన్ లోపలికి వచ్చే వైపు, బొగ్గు కావాలి. కోనసీమలో కొబ్బరి చిప్పలకి కరువా! పెరట్లో కాల్చి, రోట్లో దంచి, తెల్ల జిగురుతో ముద్దచేసి స్టీలు జాలీ మీద మెత్తాను. వంటింటి ఫాయిలు, మధ్యలో ఉప్పునీళ్లలో తడిపిన పాత పంచె గుడ్డ. వోల్టేజి 0.6 చూపించింది. చిన్న లోడు పెట్టగానే సున్నాకి పడిపోయింది.

బొగ్గుకే మీటరు పెట్టి చూశాను. రెసిస్టెన్సు మెగోముల్లో ఉంది. అంటే కరెంటుకి గోడ కట్టినట్టే. పైగా రాత్రి తడిలో ఉంచితే జిగురు కరిగి పొద్దుటికి అంతా నల్లటి బురద.

జూన్ 24

బొగ్గు సమస్య కొలిమి దగ్గర తీరింది. పెరటి మంటలో కాలిన చిప్పబొగ్గు చూడటానికి నల్లగానే ఉంటుంది కానీ ఇంకా పూర్తిగా కార్బన్ అయి ఉండదు. దాన్ని 800 డిగ్రీలు దాటించి కాల్చాలి, గాలి తగలకుండా. పాలపొడి డబ్బాలో కూరి, మూతకి ఒక మేకు చిల్లు పెట్టి, కమ్మరి కొలిమిలో రెండు గంటలు ఎర్రగా ఉంచాం. ఆ చిల్లులోంచి మొదట పొగ, తర్వాత సన్నటి మంట, చివరికి ఏమీ రాలేదు. చల్లారాక మూత తీస్తే బొగ్గు ముక్కలు రాలుతూంటే చిల్లపెంకుల్లా గలగలమన్నాయి. మునుపటి బొగ్గు అలా మోగలేదు. మీటరు పెడితే 40 ఓములు! మెగోముల నుంచి 40కి. కమ్మరి బాబాయి చేతుల మసి తుడుచుకుంటూ "ఆయ్, కొలిమంటే ఏమనుకున్నావ్" అన్నాడు. ఆయనకి దండం పెట్టాను.

దానికి నాలుగో వంతు కార్బన్ బ్రష్షుల పొడి కలిపాను. మిక్సీ మోటార్లలో అరిగిపోయిన బ్రష్షులు షాపులో డబ్బా నిండా ఉన్నాయి, అవి గ్రాఫైట్. జిగురుకి బదులు సైకిలు పంక్చరు సొల్యూషను. అది నీళ్లకి కరగదు. ఎక్కువైతే మళ్లీ కరెంటుకి గోడే. పది చెంచాల పొడికి ఒక చెంచా దగ్గర సరిపోయింది.

జూన్ 30

పాత టార్చి సెల్లులు పగలగొట్టి లోపలి నల్లపొడి కూడా కొంచెం కలిపాం. అది మాంగనీస్ డయాక్సైడ్. ఆక్సిజన్‌ని త్వరగా పనిలోకి దించుతుందట. కలిపినదీ కలపనిదీ పక్కపక్కన పెడితే తేడా కనిపించింది, అదే లోడు మీద కరెంటు ఒకటిన్నర రెట్లయింది. బాగా సంతోషపడ్డాను. మేనల్లుడు మాత్రం, "ఆగు మావయ్యా. మాంగనీసు కొన్నాళ్లు తనే ఖర్చయిపోతూ కరెంటివ్వగలదు. టార్చి సెల్లులో చేసేది ఆ పనే. ఇది నిజంగా గాలితోనే నడుస్తోందని ఎలా తెలుస్తుంది?" అన్నాడు. నోట మాట రాలేదు.

జులై 3

పరీక్ష వాడే ఆలోచించాడు. సెల్లు నడుస్తుండగా గాలి వైపు మొత్తం ప్యాకింగు టేపు అతికించాం. మాంగనీసు లేనిదానిలో పది నిమిషాలు తిరిగేసరికి కరెంటు మూడో వంతుకి పడింది. మాంగనీసు ఉన్నది మెల్లగా, గంటన్నరకి పడింది. టేపు పీకాం. రెండూ మళ్లీ పైకి లేచాయి. లోపల ఏ సరుకూ మార్చలేదు, గాలి ఒక్కటే మారింది.

అప్పుడు నాకు చెరువు గుర్తొచ్చింది. ఇక్కడ రొయ్యలు వేసే ప్రతి రైతుకీ తెలుసు, తెల్లవారుజామున నీళ్లలో డీఓ, అంటే కరిగి ఉన్న ఆక్సిజన్, పడిపోతే రొయ్యలు పైకి తేలతాయి, ఏరేటర్ తిరగకపోతే పొద్దుటికి చెరువు ఖాళీ. మేత ఎంత వేశామన్నది తర్వాత, ముందు ఊపిరి. నా సెల్లుదీ అదే కథ. అల్యూమినియం ఎంత ఉన్నా బొగ్గు పలక ఊపిరి పీల్చుకున్నంత వరకే కరెంటు. ఇంతకాలం బొగ్గు పలకని డబ్బా గోడకి ఆనించి పెడుతున్నాను, గాలి ఎటునుంచి వస్తుంది? ఇవాళే డబ్బా గోడ కోసి, పలక బయటివైపు బట్టబయలుగా ఉండేలా మార్చాను. ఇంకే మార్పూ లేకుండా కరెంటు రెట్టింపుకి దగ్గరగా వచ్చింది.

జులై 10

కాస్టిక్ సోడా ప్రయత్నించాం. ఇలాంటివి చేసేవాళ్లు ఈ భాగం జాగ్రత్తగా చదవాలి.

అల్యూమినియం మీద ఎప్పుడూ సన్నటి ఆక్సైడు పొర ఉంటుంది, అదే దానికి రక్ష. ఉప్పు ఆ పొరకి అక్కడక్కడా చిల్లులు పెడుతుంది, అందుకే సెల్లు 0.7 వోల్టుల దగ్గర ఆగిపోతుంది. కాస్టిక్ ఆ పొరని మొత్తంగా కరిగిస్తుంది. ఒక్క చెంచా వేయగానే 1.35 వోల్టులు, కరెంటు మూడింతలు. కానీ ప్లేటు మీద పాలు పొంగినట్టు బుడగలు. అది హైడ్రోజన్. తీగలోంచి మనకి రావలసిన ఎలక్ట్రాన్లలో చాలా భాగం అక్కడే బుడగలైపోతున్నాయి. గ్రాము అల్యూమినియం ఇలా పోతే లీటరు పైనే హైడ్రోజన్ వస్తుంది. డబ్బా చేత్తో పట్టుకోలేనంత వేడెక్కింది, లేచిన తుంపరకి గొంతు మండింది. కళ్లద్దాలూ గ్లవుజులూ ముందే పెట్టుకున్నాం, తలుపులన్నీ తెరిచాం, నిప్పు దరిదాపుల్లో లేదు. అయినా చేతులు వణికాయి.

కంపెనీలు చేసే సెల్లుల్లో ఇలాంటి క్షారమే వాడతారు, కానీ లోహంలో మెగ్నీషియం, తగరం, ఇండియం లాంటివి కొద్దికొద్దిగా కలిపి ఆ బుడగల్ని అదుపు చేస్తారు. మనకి ఆ అవకాశం లేదు. తుఫాను రాత్రి పిల్లల మధ్య, చీకట్లో, ఒక ముసలామె చేత్తో పట్టుకునే వస్తువులో కాస్టిక్ ఉండకూడదు. మిగిలిన డబ్బా సీలు వేసి పైఅరలో పెట్టేశాను. వోల్టేజి తక్కువైనా ఉప్పే.

జులై 21

ఫాయిలు పనికిరాదని తేలింది. మొత్తం కరిగి పోవడం లేదు, నీటి గీత దగ్గరే కోసుకుపోయి కింది ముక్క విడిపోతోంది. 11 గంటలు నడిచి ఆగిపోయిన సెల్లు విప్పితే, కింద ఫాయిలు ఇంకా మెరుస్తూనే ఉంది.

అమలాపురంలో ప్రింటింగు ప్రెస్సు నుంచి వాడేసిన ఆఫ్‌సెట్ ప్లేట్లు తూకానికి తెచ్చాను. మన ఊళ్లలో కోళ్లగూళ్లకీ బడ్డీ కొట్లకీ కొట్టుకునే రేకులే. దాదాపు శుద్ధ అల్యూమినియం, 0.27 మిల్లీమీటర్ల మందం. ఒక వైపు పూత ఉంటుంది, ఎమెరీ కాగితంతో గీకాలి. గీకుతుంటే పెళ్లి శుభలేఖ అక్షరాలు తిరగబడి కనిపించాయి, "శ్రీరస్తు శుభమస్తు". ఆ మూల ముక్క ఎందుకో కరిగించబుద్ధి కాలేదు, గోడకి తగిలించాను.

నీటి గీత తగిలే చోట రెండు వేళ్ల వెడల్పు వైండింగు వార్నీషు పూశాను. కోత ఆగిపోయింది. ఈ చిన్న పనికి పది రోజులు పట్టింది, షాపులో ఏరేటర్ మోటార్ల సీజను.

ఆగస్టు 4

ఇప్పుడు నా సొంత విద్య. తెల్ల ఎల్‌ఈడీకి 3 వోల్టులు కావాలి. రెండు సెల్లులు సిరీసులో పెడితే లోడు మీద 1 వోల్టు. ఆరేడు సెల్లులు పేర్చడం కంటే వోల్టేజి పెంచే చిన్న సర్క్యూటు మేలు. పాడైన సీఎఫ్‌ఎల్ బల్బు పగలకుండా కింది భాగం విప్పితే లోపల ఉంగరమంత ఫెరైట్ రింగు ఉంటుంది. దాని పాత తీగ తీసేసి, రెండు ఎనామెల్ తీగలు జంటగా పట్టుకుని 20 చుట్లు చుట్టాను. ఒక ట్రాన్సిస్టరు, ఒక 1 కిలోఓము రెసిస్టరు. ఒక తీగ మొదలుని రెండో తీగ చివరకి కలపాలి, పొరపాటున మొదళ్లు రెండూ కలిపితే వెలగదు. నేనూ మొదటిసారి అలాగే కలిపాను, అరగంట పట్టింది కనిపెట్టడానికి.

రాత్రి 8:40కి షాపు లైట్లన్నీ ఆపి నీళ్లు పోశాం. ముందు ఏమీ లేదు. గుడ్డ తడి పైకి పాకుతోంది. మూడో నిమిషంలో ఎల్‌ఈడీలో చుక్కంత వెలుగు, అలా అలా పెరిగి నాలుగో నిమిషానికి బెంచి మీదున్న రసీదు పుస్తకం చదవగలిగాను. మేనల్లుడు ఫోటో తీయబోయి ఆగి, "ముందు కాసేపు చూద్దాం మావయ్యా" అన్నాడు. అమ్మని పిలిచాను. వచ్చి దీపం దగ్గర కూర్చుని వెలుగులో తన అరచేయి అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

ఆగస్టు 11

మేనల్లుడి స్నేహితులు వచ్చారు. హైడ్రోజన్ గ్యాసుతో కరెంటిచ్చే ఫ్యూయల్ సెల్లు చేయొచ్చుగా అని అడిగారు. మంచి ప్రశ్న, నాకూ చాలా రోజులు అర్థం కాలేదు.

లోహం ఇక్కడ రెండు వేరు వేరు పనులు చేస్తుంది. నా దీపంలో అల్యూమినియమే ఇంధనం, కిరసనాయిలు అయిపోయినట్టే అయిపోతుంది. హైడ్రోజన్ సెల్లులో ఇంధనం గ్యాసు. అక్కడ ప్లాటినం ఉంటుంది కానీ అది అయిపోదు, హైడ్రోజన్‌నీ ఆక్సిజన్‌నీ కలిపే పెళ్లిపెద్ద. 1839లో విలియం గ్రోవ్ చేసిన మొదటి గ్యాసు సెల్లులోనూ ప్లాటినమే. 2024 జనవరిలో ఇస్రో అంతరిక్షంలో ఫ్యూయల్ సెల్లు నడిపి 180 వాట్లు తీసింది, హైడ్రోజన్, ఆక్సిజన్ రెండూ ఒత్తిడి సిలిండర్లలో నింపి పంపింది. గోదావరి పాయల మధ్య లంక గ్రామంలో ఆ సిలిండరూ ఉండదు, ప్లాటినమూ ఉండదు. పెళ్లిపెద్ద పని మా దగ్గర మాంగనీసు చేస్తోంది, అంత చురుగ్గా కాకపోయినా.

ఇంకో మాటా చెప్పాను. శ్రీహరికోటలో పీఎస్‌ఎల్‌వీ లేస్తుంటే కింద కళ్లు మిరుమిట్లు గొలిపే వెలుగు చూస్తాం కదా, ఆ మొదటి అంచె ఘన ఇంధనంలో కలిపేది అల్యూమినియం పొడే. ఒకే లోహం. అక్కడ నిమిషాల్లో భగ్గుమంటుంది, ఇక్కడ ఇరవై రాత్రులు నింపాదిగా కాలుతుంది.

ఆగస్టు 26

బంగారం కొట్టు తూకం అడిగి తెచ్చాం. ప్లేటు 8 సెంటీమీటర్లు, 10 సెంటీమీటర్లు. నడిపే ముందు 5.81 గ్రాములు. 40 మిల్లీఆంపియర్లు 24 గంటలు తీశాం, అంటే 0.96 ఆంపియర్-గంటలు. లెక్క ప్రకారం 0.32 గ్రాములు పోవాలి. కడిగి, జిగురు తుడిచి, ఆరబెట్టి తూస్తే 5.34. పోయింది 0.47. అంటే కరిగిన లోహంలో మూడింట రెండు వంతులు దీపానికి పనికొచ్చింది, మిగతాది ఊరికే తుప్పు. ప్లేటులో సగం కరిగేదాకా వాడినా, రాత్రికి 6 గంటల చొప్పున 24 రాత్రులు.

దీని అసలు ఖరీదూ రాయాలి. గనిలో అల్యూమినియం లోహంగా దొరకదు. కిలో తీయడానికి కరిగించే ఫ్యాక్టరీలో సుమారు 14 యూనిట్ల కరెంటు పోస్తారు. కాగితం మీద కిలోలో 8 యూనిట్లు తిరిగి రావాలి. నా సెల్లులో వచ్చేది ఒక్క యూనిట్టు. రోజూ ఇల్లు నడపడానికి ఇది దారి కాదు, ఎవరైనా అలా చెబితే నమ్మకండి. పోసిన కరెంటు ఏళ్ల తరబడి చెక్కు చెదరకుండా రేకులో నిలవ ఉంటుంది చూడండి, నేను కొనుక్కునేది ఆ నిలవని. అదీ తూకానికి అమ్మేసే రేకులో.

సెప్టెంబరు 9

లంకలో ఒక ఇంట్లో పెట్టాం. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఈ ఇంట్లో కిటికీ మట్టుకి నీళ్లొచ్చాయి, గోడ మీద ఆ గీత ఇప్పటికీ ఉంది. ఇంటి పెద్దమ్మ దీపం పట్టుకుని మొదట అడిగింది, "బాబూ, వరదలో ఉప్పెక్కడ వెతుక్కోనూ?"

నేను చెరువు నీళ్లకి అలవాటుపడి ఈ సంగతే ఆలోచించలేదు. గోదావరి వరద నీళ్లు మంచినీళ్లు, వాటితో సెల్లు దాదాపు నడవదు. నా ప్రయోగాలన్నీ 12 పీపీటీ, అంటే లీటరుకి సుమారు 12 గ్రాముల ఉప్పదనం ఉన్న నీళ్లతో మొదలయ్యాయి. అక్కడికక్కడే ఆమె ప్లాస్టిక్ కవరులో గుప్పెడు ఉప్పు పోసి, కొవ్వొత్తి మంటతో మూతి అంటించి డబ్బా అడుగున పెట్టింది. అప్పటి నుంచి ప్రతి దీపంలోనూ అలాంటి పొట్లం ఒకటి. గ్లాసు నీళ్లకి ఒక పొట్లం.

సెప్టెంబరు 30

పెద్దమ్మ ఇంట్లో 17వ రాత్రి దీపం మసకబారింది. వెళ్లి విప్పాను. రెండు సెల్లుల్లో ఒకదాని బొగ్గు పలక బయటి వైపు చెమట పట్టినట్టు తడిసి ఉంది. ఉప్పునీరు లోపలి నుంచి ఊరి గాలి దారులు మూసేసింది. పంక్చరు సొల్యూషను ఆ చోట పల్చగా పడింది. అల్యూమినియం ప్లేట్లు మాత్రం ఇంకా బాగున్నాయి, అంచుల్లో గుండుసూది చిల్లులంతే. ఆమె చెప్పిన మాట వింది కాబట్టే అవి మిగిలాయి. రోజూ పొద్దున్నే నీళ్లు పారబోసి, ప్లేట్ల మీది జిగురు పీచుతో తోమి, నీడలో ఆరబెట్టింది. అలా చేయకపోతే దీపం వెలగని వేళ కూడా లోహం కరుగుతూనే ఉంటుంది.

కొత్త పలకలకి బయటివైపు పల్చగా మైనం రుద్ది, వేడి గాలి మిషన్‌తో కరిగించి పీల్పించాం. కరెంటు కొంచెం తగ్గింది. ఊట ఆగింది.

అక్టోబరు 19

ఆరు దీపాలు సిద్ధం. ఒక్కోదానిలో నాలుగు ప్లేట్లు, రెండు వాడుకకి, రెండు మార్చుకోవడానికి. ఉప్పు పొట్లాలు పదేసి. మూత లోపల మార్కరుతో పెద్దక్షరాల్లో రాశాను: నీళ్లు, ఉప్పు, కలుపు, డబ్బాలో పోసి నాలుగు నిమిషాలు ఆగు. పొద్దున్నే పారబోసి తోము. పిల్లల చేతికి ఆ నీళ్లు ఇవ్వకు.

బంగాళాఖాతంలో అల్పపీడనం అని పొద్దుట వార్తల్లో చెప్పారు. మేనల్లుడు దీపాలు గోనెసంచిలో సర్దుకుని సాయంత్రం పంటుకి లంకకి బయల్దేరాడు. ఒకటి మాత్రం అమ్మ తన మంచం కింద పెట్టుకుంది.